క్రైస్తవ దృక్పథంలో బీరు

క్రైస్తవ దృక్పథంలో బీరు అనగా బీరు తాగడాన్ని గురించి క్రైస్తవ సంఘాలు వివిధ కాలాలలో ఏర్పరచుకొన్న అభిప్రాయాలు, నియమాలు, ఆచారాల సముదాయం. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ గింజలను వేడినీటిలో నానబెట్టి, ఆ రసాన్ని హాప్స్ అనే తీగమొక్క పూలతో కాచి, ఈస్టుతో పులియబెట్టగా వచ్చే పానీయమే బీరు. ఇస్లాం మతంలో మద్యంపై ఉన్నటువంటి సంపూర్ణ నిషేధం క్రైస్తవంలో మొదటినుండి లేదు. తాగడం దోషం కాదు, మత్తులో మునగడం దోషం అన్నదే సుమారు పద్దెనిమిది శతాబ్దాలపాటు ప్రధానమైన బోధగా నిలిచింది. 19వ శతాబ్దంలో ఇంగ్లండు, అమెరికాలలో తలెత్తిన మద్యపాన వ్యతిరేకోద్యమం తరువాత మాత్రమే బీరుతో సహా మద్యాన్ని పూర్తిగా విడిచిపెట్టాలన్న అభిప్రాయం అనేక ప్రొటెస్టంటు సంఘాలలో స్థిరపడింది. తెలుగునాట ప్రొటెస్టంటు సంఘాలలో ఎక్కువగా వినిపించేది ఈ రెండవ అభిప్రాయమే. అందువలన బీరును స్వయంగా తయారుచేసి అమ్మే క్రైస్తవ సన్యాసులు ఉన్నారన్న సంగతి తెలుగు పాఠకులకు వింతగా తోచవచ్చును.

బైబిలులో

పాత తెలుగు అనువాదంలో బీరు అన్న మాట కనబడదు. అయితే హీబ్రూ మూలంలో మత్తు పానీయాలకు ప్రధానంగా రెండు పదాలు ఉన్నాయి. ఒకటి యాయిన్, అనగా పులిసిన ద్రాక్షరసం. రెండవది షేకార్. తెలుగు అనువాదకులు మొదటిదానిని "ద్రాక్షారసము" అని, రెండవదానిని సాధారణంగా "మద్యము" అని తెనిగించారు. షేకార్‌కు దగ్గరి చుట్టమైన అక్కాదు భాషాపదం షికారు బీరుకు పేరు. బబులోను, ఐగుప్తు దేశాలలో బీరు నిత్యాహారంలో భాగం, పనివారికి కూలిలో భాగంగా కూడా ఇచ్చేవారు. కనుక షేకార్ అనగా ధాన్యంతో చేసిన బీరు అని కొందరు పండితులు, ఖర్జూరం మొదలైన పండ్లతో చేసిన పానీయాలు కూడా అందులో చేరుతాయని మరికొందరు వివరించారు.

ఈ పానీయం గురించి బైబిలు చెప్పే మాటలు రెండు విధాలుగా ఉన్నాయి. ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయం ప్రకారం, యెరూషలేముకు దూరాన ఉండేవారు తమ దశమభాగాన్ని సొమ్ముగా మార్చుకొని వెళ్ళి, అక్కడ తమకు ఇష్టమైన మాంసమో, ద్రాక్షారసమో, మద్యమో కొనుక్కొని దేవుని సన్నిధిలో ఇంటివారితో కలిసి సంతోషించవచ్చును. సంఖ్యాకాండము 28వ అధ్యాయంలో అదే పానీయం దేవునికి అర్పణగా పోయబడుతుంది. మరోవైపు సామెతల గ్రంథం తాగుబోతు ఎర్రబడిన కళ్ళను, కారణం తెలియని గాయాలను, మెలకువ రాగానే మళ్ళీ తాగాలన్న తహతహను ఎంతో నిశితంగా వర్ణిస్తుంది. తెల్లవారగానే మద్యం వెంట పడేవారికి యెషయా శ్రమ ప్రకటించాడు. సేవ చేసే సమయంలో యాజకులు, వ్రతకాలమంతా నాజీరులు మద్యం ముట్టరాదు. రాజులకు కూడా అది తగదని సామెతలు 31వ అధ్యాయం చెబుతుంది. దానికి ఇచ్చిన కారణం గమనించదగినది: తాగిన రాజు చట్టాన్ని మరచి దీనులకు అన్యాయం చేస్తాడు. అనగా తాగేవాని ఆరోగ్యంకంటే, అతని చేతిలో ఉన్నవారి గతి ఇక్కడ ముఖ్యం.

కొత్త నిబంధనలోనూ ఈ రెండు పాయలూ కలిసే ప్రవహిస్తాయి. బాప్తిస్మమిచ్చు యోహాను పుట్టుకనుండి మద్యం ముట్టనివాడు. యేసు తాగేవాడు, అందుకే ప్రత్యర్థులు ఆయనను తిండిపోతని, తాగుబోతని నిందించారని లూకా సువార్త 7వ అధ్యాయంలో ఉన్నది. కానా ఊరి పెళ్ళిలో ఆయన నీటిని ద్రాక్షారసంగా మార్చిన ఆరు రాతిబానలు అన్నీ కలిపి సుమారు 470 నుండి 700 లీటర్లు పట్టేవని లెక్క తేలుతుంది. తిమోతిని కడుపు జబ్బు కోసం కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్న పౌలే, తాగుబోతులు దేవుని రాజ్యానికి వారసులు కారని కొరింథీయులకు, గలతీయులకు వ్రాశాడు.

ఇక్కడ తెలుగు అనువాదంలోని ఒక విశేషం చెప్పుకోవాలి. కానా పెళ్ళిలో వడ్డించినదీ, ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక 5వ అధ్యాయంలో మత్తులై ఉండవద్దని హెచ్చరించినదీ గ్రీకు మూలంలో ఒకే పదం, ఓయినోస్. తెలుగులో మొదటిచోట "ద్రాక్షారసము", రెండవచోట "మద్యము" అయినది. దీనివలన యేసు ఇచ్చినది ఒక పానీయం, పౌలు వద్దన్నది వేరొక పానీయం అన్న భావన తెలుగు పాఠకునికి సహజంగానే కలుగుతుంది. మూలంలో తేడా పానీయంలో లేదు, తాగే తీరులో ఉన్నది.

బాధ్యత గురించిన చర్చ అంతా చివరకు రోమీయులకు వ్రాసిన పత్రిక 14వ అధ్యాయం దగ్గరకు చేరుతుంది. రోములోని విశ్వాసులలో కొందరు అన్నీ తినేవారు, కొందరు కూరగాయలే తినేవారు. తినేవాడు తిననివానిని తృణీకరించరాదు, తిననివాడు తినేవానికి తీర్పు తీర్చరాదు అని పౌలు ఇద్దరినీ మందలించాడు. వెంటనే మరొక షరతు చేర్చాడు: నీవు తాగడంవలన నీ సహోదరుడు పడిపోయేటట్లయితే నీవు మానుకోవడమే మంచిది. స్వేచ్ఛ ఉన్నది, దాని హద్దు పొరుగువాని బలహీనత. తరువాతి శతాబ్దాలలో బీరును సమర్థించినవారు ఈ అధ్యాయంలోని మొదటి సగాన్ని, వ్యతిరేకించినవారు రెండవ సగాన్ని ఎక్కువగా ఉదహరించారు.

తొలి శతాబ్దాలలో మద్యాన్ని పూర్తిగా విసర్జించిన ఎన్‌క్రటైట్లు వంటి బృందాలు ఉండేవి. ప్రభువు బల్లలో సైతం వారు నీటినే వాడేవారు. సంఘం వారిని ఖండించింది. ద్రాక్షారసం దేవుని వరం, మత్తు సాతాను పని అని 4వ శతాబ్దపు బోధకుడు జాన్ క్రిసోస్తొము చేసిన విభజననే తరువాతివారు చాలాకాలం అనుసరించారు.

మఠాలలో బీరు

ద్రాక్ష పండే మధ్యధరా తీరంనుండి క్రైస్తవం ఉత్తరానికి వ్యాపించినప్పుడు బీరు తాగే జాతుల మధ్య అడుగుపెట్టింది. ఐర్లండు సన్యాసి కొలంబానస్ జీవితచరిత్రలో, జర్మను తెగలవారు ఓడెన్ దేవతకు నివేదించబోతున్న బీరు తొట్టిని ఆయన ఊదగా అది పగిలిపోయిందన్న కథ ఉన్నది. కథలో ఆయన కోపం బీరుపై కాదు, నివేదనపై. ఆయన మఠాలలో బీరు వాడుక ఉండేది, నిర్లక్ష్యంగా ఒలకబోసిన సన్యాసికి శిక్ష కూడా ఉండేది.

పాశ్చాత్య సన్యాస జీవితానికి పునాది వేసిన బెనెడిక్టు నియమావళి సుమారు క్రీ.శ. 530 ప్రాంతంలో వ్రాయబడింది. అందులో 40వ అధ్యాయం పానీయం గురించినది. సన్యాసులకు ద్రాక్షారసం అసలు తగదని పెద్దలు చెప్పారనీ, ఈ కాలపు సన్యాసులను అందుకు ఒప్పించడం సాధ్యం కాదు గనుక కనీసం మితంగా తాగాలనీ బెనెడిక్టు దాపరికం లేకుండా వ్రాశాడు. రోజుకు ఒక హెమినా, అనగా ఇంచుమించు పావు లీటరు, చాలునన్నాడు. మానుకోగలవారికి ప్రత్యేక ప్రతిఫలం ఉంటుందని కూడా చేర్చాడు. బలవంతం లేదు, కొలత ఉన్నది. ఎండాకాలపు పని, ఊరి వాతావరణాన్నిబట్టి ఆ కొలత పెంచే అధికారాన్ని మఠాధిపతికి వదిలాడు. ద్రాక్ష దొరకని చోట్ల హెమినాకు బదులు రెండింతల మంచి బీరు ఇవ్వవచ్చునని 816లో ఆకెన్ పట్టణంలో జరిగిన సభ నిర్ణయించింది. 9వ శతాబ్దపు మొదటి భాగంలో గీయబడిన సెయింట్ గాల్ మఠపు నక్షాలో మూడు బీరు తయారీశాలలు చూపబడ్డాయి. వాటిలో ఒకటి సన్యాసులకు, ఒకటి గౌరవ అతిథులకు, మరొకటి బాటసారులకు, బీదలకు. రొట్టె కాల్చే పొయ్యిలు వాటి పక్కనే ఉన్నాయి. రొట్టె, బీరు రెండూ ఒకే ధాన్యపు కొట్టునుండి వచ్చే ఆహారాలుగానే ఆనాటివారు చూశారు.

హాప్స్ వాడుకను గురించిన తొలి వ్రాతలు కూడా మఠాలలోనే కనబడతాయి. 822లో కోర్బీ మఠాధిపతి అదలార్డు వ్రాసిన నియమాలలో హాప్స్ సేకరణ ప్రస్తావన ఉన్నది. 12వ శతాబ్దపు సన్యాసిని, వైద్య గ్రంథకర్త హిల్డెగార్డ్ (1098-1179) హాప్స్ చేదు పానీయాన్ని చెడిపోకుండా కాపాడుతుందనీ, మనసులో దిగులును మాత్రం పెంచుతుందనీ వ్రాసింది. మొదటి మాట నిజమేనని తరువాతి శాస్త్రం తేల్చింది.

మధ్యయుగాలలో నీరు కలుషితం కావడంవలన అందరూ బీరే తాగేవారన్న మాట బహుళ ప్రచారంలో ఉన్నది. ఇది అతిశయోక్తి. బావులు, ఊటల నీటిని జనం తాగేవారనడానికి ఆధారాలు పుష్కలంగా ఉన్నాయి. బీరుకు ఆదరణ అది కడుపు నింపే పానీయం కావడంవలన వచ్చింది. పానీయం ఉపవాసాన్ని భంగపరచదు అన్న నియమంవలన తపస్సుకాలపు నలభై రోజులలో దాని విలువ మరింత పెరిగింది. 17వ శతాబ్దంలో మ్యూనిక్‌లోని పౌలానర్ సన్యాసులు ఉపవాస దినాల కోసం చేసిన చిక్కటి బీరు ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. దానిని ద్రవరూపపు రొట్టెగా చెప్పుకొనేవారు. ఉపవాసపు ఉద్దేశం ఇందులో ఎంతవరకు మిగిలిందన్నది వేరే ప్రశ్న.

బీరు ఎంత అలవాటైన ఆహారమైనా సంస్కారాలలో దానికి చోటు దొరకలేదు. నార్వేలో నీరు దొరకని సందర్భాలలో శిశువులకు బీరుతో బాప్తిస్మం ఇచ్చారని తెలిసి, అది చెల్లదని పోపు 9వ గ్రెగరీ 1241లో అక్కడి ఆర్చిబిషప్పుకు వ్రాశాడు. కాథలిక్కు దివ్యబలిపూజలో ద్రాక్షనుండి వచ్చిన రసమే వాడాలి, బీరు పనికిరాదు. అయినా రోమను కాథలిక్కు ప్రార్థనల గ్రంథంలో బీరును ఆశీర్వదించే ప్రార్థన ఒకటి ఉన్నది. రొట్టె, నూనె, గుడ్లు మొదలైనవాటికి ఉన్నట్లే దానికీ ఉన్నది.

ట్రాపిస్టు సన్యాసులు

నేటికీ బీరు తయారీతో ఎక్కువగా ముడిపడి ఉన్న పేరు ట్రాపిస్టులది. వీరు బెనెడిక్టు నియమావళిని కఠినంగా పాటించే కాథలిక్కు సన్యాసులు. బెల్జియంలోని వెస్ట్‌మాలె మఠంలో 1836లో, చిమే మఠంలో 1862లో బీరు తయారీ మొదలైనది. ఓర్వాల్, రోచెఫోర్, వెస్ట్‌వ్లెటెరెన్ ఆ దేశంలోని మరికొన్ని ప్రసిద్ధ మఠాలు. తమ పేరును వ్యాపార సంస్థలు వాడుకోవడాన్ని అరికట్టేందుకు 1997లో మఠాలు ఒక అంతర్జాతీయ సంఘంగా ఏర్పడ్డాయి. ట్రాపిస్టు ముద్ర కావాలంటే బీరు మఠపు ఆవరణలోనే తయారుకావాలి, సన్యాసుల చేతనో వారి పర్యవేక్షణలోనో జరగాలి, ఆదాయం మఠ పోషణకు, దానధర్మాలకు పోవాలి, వ్యాపారం సన్యాస జీవితానికి లోబడి ఉండాలి.

ఈ చివరి షరతు కాగితానికే పరిమితం కాలేదు. వెస్ట్‌వ్లెటెరెన్ సన్యాసుల బీరుకు ప్రపంచమంతటా గిరాకీ ఉన్నా వారు ఉత్పత్తి పెంచలేదు. మఠం నడవడానికి చాలినంత మాత్రమే చేస్తారు, ఒక్కొక్కరికి ఇంతేనని పరిమితి పెట్టి అమ్ముతారు. మఠంలో చేసిన వస్తువును బయటివారికంటే కొంచెం తక్కువ ధరకు అమ్మాలన్న బెనెడిక్టు నియమం 57వ అధ్యాయంలో ఉన్నది. బీరును బాధ్యతగా తాగడం గురించి చాలామంది మాట్లాడతారు గాని, బాధ్యతగా అమ్మడం గురించి ఆలోచించినవారు అరుదు. ఆ అరుదైన కొద్దిమందిలో ఈ సన్యాసులు ఉన్నారు. సన్యాసుల భోజనపు బల్లమీదకు వచ్చేది సాధారణంగా అమ్మకపు బీరుకంటే పలచనిది.

సన్యాసుల సంఖ్య తగ్గిపోవడంతో ఈ సంప్రదాయం క్షీణిస్తున్నది. బెల్జియంలోని ఆఖెల్ మఠంలో సన్యాసులు లేకపోవడంవలన 2021లో అక్కడి బీరు ట్రాపిస్టు ముద్రను కోల్పోయింది. అమెరికాలోని స్పెన్సర్ మఠం 2022లో తయారీని నిలిపివేసింది.

సంస్కరణోద్యమ కాలం

ప్రొటెస్టంటు సంస్కర్తలు సన్యాస వ్యవస్థను త్రోసిపుచ్చారు గాని బీరును త్రోసిపుచ్చలేదు. మార్టిన్ లూథరు భార్య, పూర్వం సన్యాసిని అయిన కాథరీనా ఫాన్ బోరా విట్టెన్‌బర్గులోని తమ ఇంట్లోనే బీరు తయారుచేసేది. ఊరు దాటినప్పుడు లూథరు ఆ బీరును తలచుకొంటూ ఆమెకు ఉత్తరాలు వ్రాశాడు. తాను నిద్రపోతూ, మిత్రులతో విట్టెన్‌బర్గు బీరు తాగుతూ ఉండగా దేవుని వాక్యమే పని చేసిందని 1522 నాటి ఒక ప్రసంగంలో అన్నాడు. ఆ లూథరే జర్మనుల ప్రత్యేక సాతాను తాగుడని 101వ కీర్తన వ్యాఖ్యానంలో తీవ్రంగా విమర్శించాడు, 1539లో మత్తు గురించి ఒక పూర్తి ప్రసంగం చేశాడు. బీరు సీసాలపైన, గోడపత్రికలపైన ఆయన పేరుతో కనిపించే చమత్కారాలలో చాలావాటికి ఆధారం లేదు.

కఠిన నియమాలకు పేరుపడిన ప్యూరిటనులది సైతం ఇదే మార్గం. 1620లో మేఫ్లవర్ ఓడలో అమెరికా చేరినవారు తీరం ఎక్కడ దిగాలో తేల్చుకోవడంలో తొందరపడటానికి చెప్పిన కారణాలలో బీరు నిల్వలు తరిగిపోవడం ఒకటి. బోస్టన్ బోధకుడు ఇంక్రీజ్ మేథర్ 1673లో తాగుబోతులను హెచ్చరిస్తూ ప్రచురించిన ప్రసంగంలో సైతం, పానీయాన్ని దేవుని మంచి సృష్టిగానే అంగీకరించి, దాని దుర్వినియోగాన్నే ఖండించాడు.

జిన్నునుండి సంపూర్ణ విసర్జన వరకు

ఈ పాత విభజనను కదిలించినది బీరు కాదు, బట్టీపట్టిన సారా. 18వ శతాబ్దపు తొలి భాగంలో లండన్ నగరపు బీదల వాడలలో జిన్ను అతి చౌకగా దొరకడంతో కుటుంబాలు నాశనమయ్యాయి. చిత్రకారుడు విలియం హోగార్త్ 1751లో జంట చిత్రాలను ప్రచురించాడు. జిన్ను వీధిలో ఒడిలోని బిడ్డ జారి పడిపోతున్నా తల్లికి తెలియదు. బీరు వీధిలో జనం ఆరోగ్యంగా, పనిపాటలతో ఉంటారు. అప్పటి మంచివారి దృష్టిలో బీరు వ్యసనానికి విరుగుడు. జాన్ వెస్లీ 1743లో మెథడిస్టు సభ్యులకు వ్రాసిన నియమాలలో మత్తును, బట్టీ మద్యం కొనడాన్ని, అమ్మడాన్ని, అత్యవసరంలో తప్ప తాగడాన్ని నిషేధించాడు గాని బీరును పేర్కొనలేదు. డబ్లిన్‌లో 1759లో బీరు తయారీశాల స్థాపించిన ఆర్థర్ గిన్నిస్ భక్తిగల ప్రొటెస్టంటు, ఆ నగరంలో ఆదివారపు బడుల స్థాపనకు తోడ్పడినవాడు. ఈ రెండింటి మధ్య వైరుధ్యం ఆనాడు ఎవరికీ తోచలేదు.

అమెరికాలో 1826లో ఏర్పడిన మద్యపాన వ్యతిరేక సంఘం కూడా మొదట బట్టీ మద్యానికే వ్యతిరేకం. అయితే జిన్నునుండి జనాన్ని మళ్ళించేందుకు ఇంగ్లండు పార్లమెంటు 1830లో బీరు దుకాణాల అనుమతులను సులభతరం చేయగా, కొద్దికాలంలోనే వేలాది దుకాణాలు వెలసి, కార్మికుల కూలి డబ్బు వాటి పాలైంది. బీరుతోనూ మనిషి తాగుబోతు కాగలడని కళ్ళెదుట ఋజువైంది. ప్రెస్టన్ పట్టణంలో జోసెఫ్ లైవ్‌సీ తదితర ఏడుగురు 1832లో బీరుతో సహా ఏ మత్తు పానీయమూ ముట్టబోమని ప్రమాణపత్రంపై సంతకాలు చేశారు. ఐర్లండులో కాథలిక్కు ఫాదర్ థియోబాల్డ్ మాథ్యూ 1838లో మొదలుపెట్టిన ఉద్యమంలో లక్షలాది జనం ఇటువంటి ప్రమాణం చేశారు. 1874లో ఏర్పడిన అమెరికా క్రైస్తవ మహిళా మద్యపాన వ్యతిరేక సంఘానికి బలం భర్తల తాగుడుతో ఇల్లు గుల్లైన స్త్రీలే. చాలామందికి ఆనాడు సొంత ఆస్తిపైనా, ఓటుపైనా హక్కు లేదు. మితంగా తాగే సంపన్నుని స్వేచ్ఛకంటే ఆ స్త్రీల బాధ ముఖ్యమని ఉద్యమకారులు భావించారు. రోమీయుల పత్రికలోని రెండవ సగం ఇలా ఒక సామాజిక కార్యక్రమమైనది.

ఉద్యమం ఊపందుకొన్న కొద్దీ బైబిలు వ్యాఖ్యానం కూడా మారింది. బైబిలు మెచ్చుకొన్న ద్రాక్షారసం పులియనిది, ఖండించినది పులిసినది అన్న వాదం పుట్టింది. చాలామంది భాషా పండితులు దీనిని అంగీకరించలేదు. కొరింథు సంఘంలో ప్రభువు భోజనం దగ్గరే కొందరు మత్తులయ్యారని పౌలు వ్రాసినప్పుడు అది పులియని రసం అయ్యే అవకాశం లేదు. వేడి దేశాలలో కోసిన ద్రాక్షరసం రోజుల్లోనే పులుస్తుంది, పులియకుండా నిల్వచేసే సులభ పద్ధతి పాశ్చర్ పరిశోధనల తరువాత గాని రాలేదు. అమెరికా మెథడిస్టు థామస్ వెల్చ్ 1869లో ఆ పద్ధతిలో సీసాలలో నిలువచేసిన రసమే అనేక ప్రొటెస్టంటు సంఘాల ప్రభువు బల్లమీదకు చేరింది. అయితే విసర్జనను సమర్థించడానికి ఈ బలహీనమైన వాదం అవసరమే లేదు. పొరుగువానికోసం మానుకోవడమన్న పౌలు మాట దానికి చాలును.

అమెరికాలో 1920లో అమలులోకి వచ్చిన జాతీయ మద్యనిషేధం 1933లో రద్దయింది. చట్టం పోయినా సంఘాల నియమాలు మిగిలాయి. సాల్వేషన్ ఆర్మీ సభ్యులు, సెవెంత్ డే అడ్వెంటిస్టులు మద్యం ముట్టరు. సదరన్ బాప్టిస్టు సమాఖ్య 2006లో మద్యం తయారీ, ప్రకటన, విక్రయం, సేవనాలను వ్యతిరేకిస్తూ మరొకసారి తీర్మానించింది. దీనికి భిన్నంగా ఆంగ్ల రచయిత సి.ఎస్. లూయిస్ తన మియర్ క్రిస్టియానిటీ గ్రంథంలో, మితం అనగా సంపూర్ణ విసర్జన కాదనీ, తనకు మంచిదని ఒకడు మానుకోవడం సబబే గాని మానుకోనివారిని చిన్నచూపు చూడటం దారి తప్పడమనీ వాదించాడు.

భారతదేశంలో, తెలుగునాట

భారతదేశానికి వచ్చిన అమెరికన్, బ్రిటిషు మిషనరీలలో అధికులు ఈ ఉద్యమ ప్రభావంలో పెరిగినవారే. నాగా కొండలలో బాప్టిస్టు మిషనరీలు బియ్యపు బీరును మానుకోవడాన్ని సంఘ సభ్యత్వపు గుర్తుగా చేశారు. పండుగలు, పొలం పనులు, పూజలు అన్నిటా ఆ బీరు ముడిపడి ఉండటంవలన దానిని మానడమంటే పాత జీవితాన్నే వదలడంగా ఉండేది. అక్కడి సంఘాల ఒత్తిడితో నాగాలాండ్ 1989లో సంపూర్ణ మద్యనిషేధ చట్టం చేసింది. మిజోరంలో 1997లో అమలైన నిషేధం 2015లో సడలి, 2019లో తిరిగి వచ్చింది. స్థానిక పంటలతో చేసే వైను, బీరులకు అవకాశం కల్పిస్తూ 2025లో అక్కడి శాసనసభ చట్టాన్ని సవరించింది.

తెలుగునాట నెల్లూరు, ఒంగోలు ప్రాంతాలలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ పనిచేసింది. గుంటూరులో 1842లో లూథరన్ మిషన్ స్థాపించిన జె.సి.ఎఫ్. హేయర్ జర్మనీలో పుట్టినవాడు. అయినప్పటికీ లూథరు పేరుతో నడిచే తెలుగు సంఘాలలో సైతం విశ్వాసి తాగరాదన్న భావనే సాధారణంగా వినిపిస్తుంది. ఇందుకు మిషనరీల బోధ ఒక్కటే కారణం కాదు. ఇక్కడి పల్లెలకు మద్యం అంటే కల్లు, సారా. కల్లులో ఆల్కహాలు ఇంచుమించు బీరులో ఉన్నంతే అయినా, ప్రభుత్వ వేలంపాటల సారా పల్లె కూలీల సంపాదనను పీల్చివేసింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు మొదలుపెట్టిన సారా వ్యతిరేకోద్యమం ఏ మతానికీ చెందినది కాదు. కాని అందులో వినిపించిన మాటలు ప్రెస్టన్ కార్మికవాడల మాటలకు ఎంతో దగ్గర. ఉద్యమ ఫలితంగా 1993లో సారాపై, 1995లో మొత్తం మద్యంపై ఆంధ్రప్రదేశ్‌లో నిషేధం వచ్చి, 1997లో సడలించబడింది. తెలుగు భాషలో "తాగుడు" అన్న మాటకే వ్యసనం అన్న అర్థం స్థిరపడింది, మితంగా తాగేవానికి వాడుకలో ఒక పేరంటూ లేదు. ఇటువంటి సమాజంలో పాస్టరు చేతిలో బీరు గ్లాసు కనబడితే దాని అర్థం బవేరియాలో ఉన్నట్లు ఉండదు.

మితం - కొలతలు

మితం అన్నది మనసుకు సంబంధించిన మాట మాత్రమే కాదు, కొలతకు కూడా సంబంధించినది. 5 శాతం ఆల్కహాలు గల 330 మిల్లీలీటర్ల బీరులో సుమారు 13 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. భారతదేశంలో సాధారణంగా అమ్మే పెద్ద సీసా 650 మిల్లీలీటర్లది. అందులో 7.5 శాతం గల స్ట్రాంగ్ బీరు ఉంటే ఆల్కహాలు సుమారు 38 గ్రాములు, అనగా మొదటిదానికి మూడింతలు. ఐరోపా పుస్తకాలలో చదివిన "ఒక బీరు", ఇక్కడి దుకాణంలో కొన్న "ఒక బీరు" ఒకటి కావు. బైబిలు కాలపు గ్రీకు, రోమను భోజనాలలో ద్రాక్షారసంలో నీళ్ళు కలిపి తాగడం పరిపాటి అన్న సంగతిని కూడా ఇక్కడ జ్ఞాపకం చేసుకోవాలి.

ఆరోగ్యం విషయంలో పూర్వపు బోధకులకు తెలియని ఒక సంగతి నేడు తెలుసు. అంతర్జాతీయ కాన్సర్ పరిశోధనా సంస్థ 1988లోనే మద్యాన్ని కాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. ఆరోగ్యానికి ముప్పులేని మద్యం మోతాదు అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది. దీనిని బట్టి తిమోతికి పౌలు ఇచ్చిన వైద్య సలహాను నేటి బీరుకు అన్వయించడం కష్టం. బీరును సమర్థించే క్రైస్తవులు దానిని ఔషధంగా గాక, పండుగ భోజనంవలె కృతజ్ఞతతో అప్పుడప్పుడు అనుభవించే సంతోషంగా చెప్పడమే నిజాయితీ అనిపించుకొంటుంది.

థామస్ అక్వినాస్ 13వ శతాబ్దంలో తన సుమ్మా గ్రంథంలో ఈ విషయాన్ని క్లుప్తంగా తేల్చాడు. మద్యం స్వతహాగా నిషిద్ధం కాదు. తాగేవానికి అది తేలికగా హాని చేసేదైనా, అతడు మానుతానని మొక్కుకొన్నా, మోతాదు మించినా, చూసేవారు దానివలన దారి తప్పేటట్లున్నా అది అతనికి తప్పవుతుంది. ఈ నాలుగింటిలో మోతాదు ఒక్కటి మాత్రమేనని గమనించాలి. కాథలిక్కు సంఘపు సత్యోపదేశ గ్రంథం తాగి రోడ్డుమీద ఇతరుల ప్రాణాలకు ముప్పు తెచ్చేవారిది ఘోరమైన దోషం అంటుంది. ఈ సందర్భంలో బైబిలు వ్యాఖ్యానాల అవసరం కూడా లేదు, భారత మోటారు వాహనాల చట్టం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉంటే శిక్షిస్తుంది.

వ్యసనపరుల విషయంలో

మద్యానికి బానిసైనవారికి మితం అన్న సలహా పనిచేయదు, వారికి మార్గం విసర్జనే. ఈ అనుభవంపై ఆధారపడినదే 1935లో అమెరికాలోని ఆక్రన్ నగరంలో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్. దీని స్థాపకులు ఇద్దరూ ఆక్స్‌ఫర్డ్ గ్రూపు అనే క్రైస్తవ బృందపు సమావేశాలకు వెళ్ళినవారు. తరువాత ఆ సంస్థ ఏ మతానికీ చెందనిదిగా విడివడినా, నేటికీ దాని సమావేశాలు అనేక దేశాలలో చర్చి గదులలో జరుగుతూ ఉంటాయి.

కాథలిక్కు గురువులలో వ్యసనంనుండి కోలుకొంటున్నవారికి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉన్నది. పూజలో ద్రాక్షసారాయం పుచ్చుకోవడం వారి విధి. ఒక్క గుక్కతోనే పాత అలవాటు తిరగబెట్టవచ్చును. ఇటువంటివారు పులియడం మొదలై ఆగిపోయిన లేదా పులియకుండా నిలువచేసిన తాజా ద్రాక్షరసాన్ని బిషప్పు అనుమతితో వాడుకోవచ్చునని వాటికన్ 2003లో ఇచ్చిన ఉత్తరువు స్పష్టం చేసింది. ఆ రసాన్ని ముస్తుం అంటారు. దానికి వేరే ఏ పదార్థమూ కలపరాదు, ద్రాక్షరసపు స్వభావం మారరాదు అన్నవే అందుకు షరతులు.